ఒడిశా సరిహద్దు తెలుగిళ్లలో పిల్లలకు ఫోను మాటలు, కంప్యూటర్ మాటలు నేర్పడం ఎలా?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగిళ్లలో ఒకటో తరగతి గుంటడు రోజూ మూడు భాషల మధ్య తిరుగుతాడు. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, యూట్యూబ్‌లో హిందీ. నాన్న ఫోను చేతికొచ్చేసరికి నాలుగో భాష కూడా ఎదురవుతుంది. తెర మీద కనిపించే అలౌ, ఇన్‌స్టాల్, స్కిప్, ఓకే అన్నీ ఇంగ్లీషే. వాడికి అవి చదవడం రాదు. ఏది నొక్కితే అడ్డొచ్చిన డబ్బా పోయి ఆట మళ్లీ మొదలవుతుందో మాత్రం బాగా తెలుసు. నొక్కేస్తాడు.

బళ్లో కంప్యూటర్ పాఠం ఉన్నా అది 'మౌస్ ఇన్‌పుట్ పరికరం, మానిటర్ అవుట్‌పుట్ పరికరం' దగ్గరే ఆగిపోతుంది. ఇంట్లో వాడి చేతిలో ఉన్నదేమో బ్యాంకు ఖాతా తగిలించిన ఫోను. బడి పాఠానికీ ఈ ఫోనుకీ మధ్య ఉన్న మాటలు నేర్పడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. ఐదేళ్ల నుంచి తొమ్మిదేళ్ల లోపు పిల్లల కోసం ఇది. నేర్పేది అమ్మానాన్నలు కావచ్చు, సాయంత్రం అరుగు మీద ట్యూషన్ చెప్పే అక్క కావచ్చు, వాట్సాప్ వాడే అమ్మమ్మ కావచ్చు. ఒక ఫోను, రిపేరు షాపులో పనికిరాదని పక్కన పడేసిన కీబోర్డు, నాలుగు సుద్దముక్కలు ఉంటే చాలు. కంప్యూటర్ లేకపోయినా చాలామటుకు నేర్పవచ్చు.

ఏ మాట ఏ భాషలో?

ఇది ముందే తేల్చుకోవాలి. గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో మాస్టరుగా వచ్చింది మన పర్లాకిమిడికే. కొండల మీది సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, పుస్తకాలు రాశారాయన. ఇంట్లో మాట్లాడే భాషలో చెబితేనే పిల్లలకు ఎక్కుతుందన్న ఆ సంగతి ఈ ఊళ్లో మళ్లీ ఎవరో వచ్చి చెప్పక్కర్లేదు. అయితే అన్ని మాటలకీ ఒకే మందు పనిచేయదు.

వస్తువుల పేర్లు ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. కీబోర్డు, మౌస్, స్క్రీన్, ఛార్జర్, యాప్. వీటికి తెలుగు మాటలు కొత్తగా పుట్టించి నేర్పితే బళ్లో ఎవరికీ అర్థం కావు, ఇంట్లో ఎవరూ వాడరు. పనుల పేర్లు మాత్రం తెలుగులో చెప్పండి: తెరువు, మూసెయ్, దాచు, చెరిపెయ్, పంపు, వెనక్కెళ్లు. తెలుగు క్రియ చెబితే ఏం జరుగుతుందో పిల్లకు వెంటనే కళ్లకు కడుతుంది. పక్కనే ఇంగ్లీషు మాట కూడా అంటూ ఉంటే చాలు, రెండూ కలిసి ఎక్కుతాయి.

మూడో రకం జాగ్రత్త మాటలు. ఇక్కడే సరిహద్దు వాళ్ల ఇబ్బంది వేరు. హైదరాబాదు పిల్లకు రాసిన పాఠం ఇక్కడ సరిపోదు, ఎందుకంటే మనకొచ్చే మోసం ఫోను తెలుగులో రావాలని లేదు. ఒడియాలోనో హిందీలోనో రావచ్చు. 'ఎవరికీ చెప్పకు' అంటే పిల్లను ఉలిక్కిపడేలా తయారుచేసి, అవతలివాడు అదే మాట ఒడియాలో 'కాహాకు కహిబ నాహిఁ' అంటే 'సరే' అని తలూపితే మన పాఠమంతా వృథా. అందుకని ఈ మాటల్ని పూర్తి వాక్యాలుగా, మూడు భాషల్లోనూ నేర్పాలి. అటు గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు ఉన్నవాళ్లు ఒడియా బదులు మరాఠీ పెట్టుకోవచ్చు, మిగతాదంతా ఒకటే.

ఇంకో సంగతి. ఇక్కడ చాలామంది పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు చదవలేరు. అక్షరాలు ఒడియాలో వచ్చాయి. కాబట్టి గోడకు తెలుగు చార్టు అంటించి పని అయిపోయిందనుకోకండి. ఈ పాఠమంతా నోటితో, చెవితో, చేత్తో నడవాల్సిందే.

ముందు మీ ఫోను సర్దండి

పిల్లకు జాగ్రత్త నేర్పేముందు పెద్దవాళ్లు ఒక అరగంట కూర్చుని ఫోనులో కొన్ని తలుపులు వేసుకోవాలి. ఆరేళ్ల గుంట జాగ్రత్తగా ఉంటుందిలే అని ఇంటి డబ్బు వదిలేయకూడదు కదా.

డబ్బు పంపే యాప్‌లకు విడిగా లాక్ పెట్టండి. లాక్ తెర మీద మెసేజ్ లోపలి మాటలు కనిపించకుండా సెట్టింగ్ మార్చండి, లేకపోతే ఓటీపీ అందరి కంటా పడుతుంది. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. వాట్సాప్‌కీ బ్రౌజర్‌కీ 'తెలియని యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే' అనుమతి తీసేయండి. పెళ్లికార్డు అనో, చలాన్ అనో పేరు పెట్టుకుని వచ్చి, నొక్కితే ఫోనులో దొంగ యాప్ ఎక్కించే ఏపీకే ఫైళ్లకు ఇదే మొదటి అడ్డు.

ఆండ్రాయిడ్ ఫోన్లలో సెక్యూరిటీ సెట్టింగుల్లో యాప్ పిన్నింగ్ అనో, స్క్రీన్ పిన్నింగ్ అనో ఒకటుంటుంది. దాన్ని ఆన్ చేసి, విప్పడానికి పిన్ అడగాలని టిక్ పెట్టండి. పిల్లకు ఒక ఆట తెరిచి పిన్ చేసి ఇస్తే అందులోంచి బయటికి రాలేదు. ఇంట్లో ఒకటే ఫోను ఉండి, అదే నాన్న వ్యాపారం ఫోను కూడా అయిన ఇళ్లలో ఇంతకంటే పనికొచ్చే సెట్టింగ్ ఇంకోటి లేదు. చిన్న పిల్లలకు మామూలు యూట్యూబ్ బదులు యూట్యూబ్ కిడ్స్ పెట్టి, మీరు ఎంచిన వీడియోలే కనిపించేలా కూడా చేయవచ్చు. నా మట్టుకు నేను ఐదారేళ్ల వాళ్లకు ఇదే మేలంటాను.

వాళ్లకు ఇప్పటికే వచ్చిన మాటలు వినండి

పాఠం మొదలుపెట్టే ముందు రెండు మూడు రోజులు ఊరికే వినండి. పిల్లలు ఫోను దగ్గర ఏం మాట్లాడుకుంటున్నారో కాగితం మీద రాయండి. 'నెట్ లేదే', 'ఛార్జింగ్ అయిపోయింది', 'హాట్‌స్పాట్ ఇయ్యి మావయ్యా', 'యాడ్ స్కిప్ చెయ్యి', 'లైక్ కొట్టు' లాంటివి చాలానే వినిపిస్తాయి. ఆ చీటీలో ప్రతి మాటా చూపించి 'ఇదేటి?' అని అడగండి. మీకు రెండు గుంపులు తేలతాయి. ఒకటి, వాళ్లు సరిగ్గా వాడుతున్నవి. ఇంకోటి, నోరు తిరుగుతోంది గానీ అర్థం తెలియనివి. సబ్‌స్క్రైబ్ అంటే ఏమిటో చెప్పమంటే 'గంట నొక్కడం' అంటారు. అలౌ అంటే 'ఆట తెరుచుకోవడం' అంటారు. ఈ రెండో గుంపే మీ సిలబస్. పుస్తకంలో ఉన్న వరుస కన్నా ఈ చీటీ నమ్మదగినది.

నెట్ అనే మాట దగ్గర మాత్రం కాసేపు ఆగండి. చాలామంది పిల్లలకు ఫోనూ నెట్టూ ఒకటే. ఫోనులో ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేసి చేతికివ్వండి. ఏవి పనిచేస్తున్నాయో, ఏవి చేయట్లేదో వాళ్లనే కనిపెట్టమనండి. కెమెరా పనిచేస్తుంది, టార్చి వెలుగుతుంది, పాత ఫొటోలు కనిపిస్తాయి, లెక్కల యంత్రం నడుస్తుంది. యూట్యూబ్ రాదు, వీడియో కాల్ రాదు. 'ఫోనులోనే ఉన్నవి', 'బయటి నుంచి వచ్చేవి' అని వాళ్ల నోటితోనే విడగొట్టించండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను కొట్టినప్పుడు ఫోన్లు చేతిలో ఉండి కూడా ఊళ్లకు ఊళ్లు మాట్లాడుకోలేకపోయిన సంగతి ఇంట్లో పెద్దవాళ్లు చెబితే, టవర్ అనే మాట కూడా అదే ఊపులో వచ్చేస్తుంది. తర్వాత జాగ్రత్త పాఠంలో 'బయటికి పంపడం' గురించి చెప్పేటప్పుడు ఈ విడగొట్టడమే ఆసరా.

వస్తువుల పేర్లు ముట్టుకుని నేర్చుకోవాలి

దీనికి ఎక్కువ రోజులు అక్కర్లేదు. పాత కీబోర్డు ఒళ్లో పెట్టండి. కళ్లు మూసుకుని వేళ్లతో తడమమనండి. ఎఫ్ మీదా, జె మీదా చిన్న గీత పైకి తేలి ఉంటుంది. అది కనిపెట్టినప్పుడు పిల్లల మొహం చూడాలి. టైపింగ్ చేసేవాళ్ల చూపుడు వేళ్లు చూడకుండానే చోటు పట్టడానికి అవి పెట్టారని చెప్పండి.

తర్వాత వాకిట్లో సుద్దతో పెద్ద కీబోర్డు గీయండి. పై వరుసలో పది అక్షరాలు, నడిమి వరుసలో తొమ్మిది, కింది వరుసలో ఏడు. మొత్తం ఇరవై ఆరు. కింద పొడుగ్గా స్పేస్ బార్, కుడిపక్కన ఎంటర్, దాని పైన బ్యాక్‌స్పేస్. ఒకళ్లు పేరు చెబితే ఇంకొకళ్లు అక్షరాల మీద గెంతుతూ రాయాలి. రెండు మాటల మధ్య స్పేస్ బార్ మీద దూకాలి. తప్పు అక్షరం తొక్కితే బ్యాక్‌స్పేస్ మీదికి వెళ్లి రావాలి. 'ఏబీసీడీ వరసలో ఎందుకు లేవు?' అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. 1870ల్లో అమెరికాలో షోల్స్ అనే ఆయన తయారుచేసిన టైప్‌రైటర్ నుంచి వచ్చిన వరస ఇది, అప్పటి నుంచి అలాగే ఉండిపోయింది అని చెప్పండి. పెద్దపిల్లలైతే ఇంగ్లీషులో టైప్‌రైటర్ అనే మాటలోని అక్షరాలన్నీ పై వరుసలోనే ఉన్నాయని వెతికి పట్టుకుంటారు.

మౌస్ దొరికితే ఎడమ క్లిక్, కుడి క్లిక్ చూపించండి. ఐదేళ్ల వేళ్లకు డబుల్ క్లిక్ కష్టం. రాలేదని విసుక్కోకుండా కంప్యూటర్‌లో మౌస్ సెట్టింగులకు వెళ్లి దాని వేగం తగ్గించండి. ఇక కంప్యూటర్ తెర పక్కనుండే పెద్ద డబ్బాను సీపీయూ అంటారు గానీ, అసలు సీపీయూ లోపల ఉండే చిన్న చిప్పు. బడి పరీక్షలో ఏం రాయమంటే అది రాయనివ్వండి. ఆ గొడవ పెద్ద తరగతుల్లో తేలుతుంది.

ఫోనులో గూగుల్ కీబోర్డుకు తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ పెట్టి, పిల్ల పేరు మూడు లిపుల్లో కొట్టించండి. ఇందులో చదువు ఎంతో, సరదా అంత. ఇంట్లో తెలుగు అక్షరాలు నేర్పించాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్న తాతలకు ఇది మంచి అదను.

పనుల పేర్లు

దాచు, చెరిపెయ్, పంపు. ఈ మూడూ గట్టిగా పట్టుబడితే మిగతావి వాడకంలో వచ్చేస్తాయి.

దాచడానికి కంప్యూటర్ పెయింట్‌లో బొమ్మ గీయించండి. సేవ్ చేయకుండా మూసి, 'వద్దు' నొక్కితే బొమ్మ పోతుంది. మళ్లీ గీసి, పేరు పెట్టి దాచితే రేపటికీ ఉంటుంది. పేరు పెట్టడం పిల్లలకు మహా ఇష్టం. 'బొమ్మ' అని అన్నిటికీ ఒకటే పేరు పెట్టబోతే ఏమవుతుందో చూడనివ్వండి, ఫైలు పేరు ఎందుకు వేరేగా ఉండాలో అప్పుడు తెలుస్తుంది.

చెరపడం, పంపడం అనే రెండింటినీ పక్కపక్కనే నేర్పాలి. కాగితం మీద ఒక బొమ్మ గీయమనండి. మీ ఫోనుతో దాన్ని ఫొటో తీసి, ఇంట్లో ఇంకొకరి ఫోనుకు పంపండి. వాళ్లు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవాలి. ఇప్పుడు పిల్ల చేత మీ ఫోనులో 'అందరికీ డిలీట్' నొక్కించండి. వాట్సాప్‌లోంచి పోతుంది. 'అక్క దగ్గర ఇంకా ఉందా?' అని అడగండి. అక్క గ్యాలరీ తెరిచి చూపిస్తుంది. 'పంపింది వెనక్కి రాదు' అన్న మాట ఆ సమయంలో చెప్పండి, ముందు కాదు. చూశాక చెప్పిన మాటే నిలుస్తుంది.

జాగ్రత్త మాటలు

అసలు పని ఇక్కడుంది. తొందరపడకండి, వారానికి రెండు మాటల కన్నా ఎక్కువ వద్దు. ప్రతి మాటకూ మూడు జతగా ఉండాలి: మాట, పిల్ల నోటితో అనే వాక్యం, చేత్తో చేసే పని. నిర్వచనం అక్కర్లేదు. ఓటీపీ అంటే ఏమిటో విడమర్చి చెప్పగలిగిన పిల్ల, ఫోనులో అడగ్గానే ఆ అంకెలు చదివేయవచ్చు.

ఓటీపీ. రాయగడ మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లినప్పుడు చెప్పులు అప్పగిస్తే టోకెన్ ఇస్తారనుకోండి. ఆ టోకెన్ ఎవడు చూపిస్తే వాడికి చెప్పులిచ్చేస్తారు, మళ్లీ ఇంకోసారికి అది పనికిరాదు. ఓటీపీ అలాంటిది. ఇంతకంటే వివరం ఈ వయసుకు వద్దు. వాక్యం: 'అంకెలు చదవను.' పని: ఫోను పెద్దవాళ్ల చేతిలో పెట్టడం.

పిన్. కిరాణా కొట్టులో నాన్న డబ్బు పంపినప్పుడు సౌండ్ బాక్స్ అరవడం పిల్లలు రోజూ వింటారు. ఆ కొట్టు దగ్గరే పాఠం చెప్పండి. కొట్టువాడికి డబ్బు వచ్చింది, ఆయనేమైనా పిన్ కొట్టాడా? లేదు. కొట్టింది నాన్న. కాబట్టి డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేయనూ అక్కర్లేదు. 'నీకు బహుమతి వచ్చింది, స్కాన్ చేసి పిన్ కొట్టు' అన్నవాడు డబ్బు లాక్కోవడానికే వచ్చాడు. నిజానికి ఈ పాఠం పిల్లల కన్నా మన పెద్దమ్మలకూ, మావయ్యలకూ ఎక్కువ అవసరం. పిల్ల చేత చెప్పించండి, వింటారు.

అలౌ. పిల్లలకు చదవడం రాకపోయినా ఈ డబ్బా రూపం గుర్తుపట్టగలరు. ఫోనులో ఏదో ఒక కొత్త యాప్ తెరిచి, అది కెమెరా, మైకు, లొకేషన్ అడిగే డబ్బాలు చూపించండి. 'ఇది మన కెమెరా వాడుకోనా అని అడుగుతోంది' అని తెలుగులో చదివి వినిపించండి. టార్చి యాప్‌కు మన వాళ్ల ఫోను నంబర్లతో ఏం పని అని వాళ్లనే అడగండి. పని: డబ్బా కనిపిస్తే వేలు తీసేసి పిలవడం.

లింకు, యాడ్. ఆట మధ్యలో 'నువ్వు గెలిచావు' అని మెరిసే ప్రకటన వస్తుంది. దాన్ని మూసే ఇంటూ గుర్తు మూలన చిన్నగా ఉంటుంది, ఒక్కోసారి దొంగ ఇంటూ కూడా ఉంటుంది. గుర్తు వెతుక్కోవడం కన్నా ఆటలోంచి బయటికి వచ్చేయడం తేలిక, హోమ్ బటన్ అలవాటు చేయండి. ఇక 'బ్రౌజర్‌లో సైటు అడ్రసు పక్కన తాళం బొమ్మ ఉంటే అది మంచి సైటు' అని చెప్పే పాత పాఠం వదిలేయండి. తాళం ఉంటే మధ్యలో ఎవరూ వినలేరని అర్థమే గానీ అవతలివాడు మంచివాడని కాదు. దొంగ సైటుకూ తాళం ఉంటుంది. ఆ గందరగోళం వల్లే గూగుల్ క్రోమ్ 2023లో ఆ తాళం బొమ్మను తీసేసి వేరే గుర్తు పెట్టింది.

ఇంటి మాటలు. పూర్తి పేరు, బడి పేరు, వీధి, ఫోను నంబరు, నాన్న ఊళ్లో ఉన్నాడా లేడా అన్న సంగతి. ఇవి బయట చెప్పకూడని 'ఇంటి మాటలు' అని ఒక పేరు పెట్టేయండి. చివరిది ముఖ్యం. గంజాం వైపు ఎన్నో ఇళ్లలో నాన్న సూరత్‌లో ఉంటాడు, మన వైపు విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో ఉంటాడు. 'పాపా ఘర్ మే హై?' అని ఫోనులో అడిగితే 'లేడు, దీపావళికి వస్తాడు' అని చెప్పేస్తారు పిల్లలు. 'పనిలో ఉన్నారు' అనడం నేర్పండి. అది అబద్ధమూ కాదు.

అన్నా, దీదీ, అంకుల్. మన పిల్లలకు దీన్ని కాస్త నెమ్మదిగా చెప్పాలి. మనం దారిన పోయే వాళ్లను కూడా వరస పెట్టి పిలవమని నేర్పుతాం. ఒడియా బళ్లో పెద్దవాళ్లందరూ భాయి, అపా. దాంతో ఆటలో వాయిస్ చాట్‌కు వచ్చినవాణ్ని 'అన్నా' అన్నాక వాడు చుట్టమే అనిపిస్తుంది. వరస పెట్టి పిలవడం మర్యాద, పిలిచినంత మాత్రాన చుట్టం కాదు అని విడదీసి చెప్పండి. అమ్మ వాళ్ల పేరు చెప్పి 'వీళ్లు నాకు తెలుసు' అంటేనే తెలిసినవాళ్లు. అలాగని తెలిసినవాళ్లంతా మంచివాళ్లని కూడా చెప్పకండి. బట్టలు లేని ఫొటో ఎవరడిగినా, ఎవరు చూపించినా, వాళ్లు ఇంటి మనిషే అయినా, వచ్చి చెప్పాలి. ఇబ్బందిగా ఉందని ఈ వాక్యం దాటేయవద్దు. స్నానం చేయించేటప్పుడు మామూలుగా చెప్పే మాటల్లో కలిపి చెప్పేయండి.

ఎవరికీ చెప్పకు. నన్నడిగితే ఈ జాబితాలో అన్నిటికన్నా విలువైనది ఇదే. పిల్లల జోలికొచ్చే మోసాల్లో ఏదో ఒక చోట ఈ మాట వచ్చి తీరుతుందనుకోండి. మూడు భాషల్లో వినిపించండి. తెలుగులో 'ఎవరికీ చెప్పకు', ఒడియాలో 'కాహాకు కహిబ నాహిఁ', హిందీలో 'కిసీ కో మత్ బతానా'. సిరొంచ వాళ్లకు మరాఠీలో 'కోణాలా సాంగూ నకోస్'. ఏ భాషలో విన్నా చేసే పని ఒకటే, అమ్మ దగ్గరికి పరుగు. అప్పుడు తెలివైన పిల్ల ఒకటి అడుగుతుంది: చెల్లి పుట్టినరోజుకు కొన్న గౌను సంగతి చెప్పొద్దన్నావు కదా? దానికి జవాబు తయారుగా ఉంచుకోండి. గౌను సంగతి పుట్టినరోజు నాడు అందరికీ తెలిసిపోతుంది. ఎప్పటికీ చెప్పకూడదన్నదే చెడ్డది.

ఇంటి గుర్తు మాట. ఇప్పుడు కంప్యూటర్‌తో మనిషి గొంతును అచ్చంగా దించేస్తున్నారు. నాన్న గొంతుతో 'అమ్మ ఫోనులో వచ్చిన అంకెలు చెప్పమ్మా' అని రావచ్చు. ఇంట్లోవాళ్లకు మాత్రమే తెలిసిన ఒక తెలుగు మాట పెట్టుకోండి, తాతగారి ఊళ్లో ఆవు పేరో, అమ్మమ్మ చేసే పిండివంటో. గొంతు నాన్నదే అయినా అంకెలు అడిగితే ఆ మాట అడగాలి. మాట చెప్పినా సరే, అంకెలు అమ్మే చెబుతుంది గానీ పిల్ల కాదు.

దొంగ ఫోను ఆట

జాగ్రత్త మాటలు నాలుగైదు వచ్చాక ఈ ఆట మొదలుపెట్టండి. ఇంట్లో ఒడియా బాగా వచ్చిన మావయ్యో, పక్కింటి భాయో పక్క గదిలోంచి నిజంగానే ఫోను చేయాలి. మెత్తగా మాట్లాడాలి. దొంగ అంటే గట్టిగా అరిచేవాడని పిల్లలు అనుకుంటారు, అది పోగొట్టడం కూడా ఈ ఆటలో భాగమే.

'ముఁ తుమ బాపాంక సాంగ,' అంటే మీ నాన్న స్నేహితుణ్ని అని మొదలుపెట్టి, కాసేపయ్యాక 'ఓటీపీ కేతే?' అని అడగాలి. పిల్ల చెప్పాల్సిన జవాబు మూడు భాషల్లోనూ ఒకటే. తెలుగులో 'అమ్మనడిగి చెప్తా'. ఒడియాలో 'పచారి కహిబి'. హిందీలో అబ్బాయైతే 'పూఛ్ కర్ బతాఊంగా', అమ్మాయైతే 'బతాఊంగీ'. మరాఠీలో 'విచారూన్ సాంగతో', అమ్మాయైతే 'సాంగతే'. అన్నాక ఎర్ర బటన్ నొక్కి, ఫోను పెద్దవాళ్ల చేతికివ్వాలి. మధ్యలో ఇంకో మాట లేదు.

'వద్దు', 'చెప్పను' అనడం ఎందుకు నేర్పట్లేదని అడగవచ్చు. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని మనమే రోజూ నేర్పుతున్నాం, ఫోనులో మాత్రం చెప్పమంటే చిన్న పిల్ల తడబడుతుంది. 'అడిగి చెప్తా' అనడానికి ధైర్యం అక్కర్లేదు, మర్యాదా చెడదు. బెదిరించినా, బతిమాలినా అదే వాక్యం. ఆటలో రెండోసారి నుంచి మావయ్య కొంచెం తొందరపెట్టాలి, మూడోసారి చాక్లెట్ ఆశ చూపాలి, ఇంకోసారి పోలీసునని చెప్పాలి. ఆఖరిది తప్పకుండా పెట్టండి. పోలీసు బట్టలేసుకుని వీడియో కాల్‌లో భయపెట్టే 'డిజిటల్ అరెస్ట్' మోసాలకు పెద్దవాళ్లే దొరికిపోతున్నారు. చట్టంలో అలాంటి అరెస్టే లేదు.

ఆటలో పిల్ల ఓడిపోతే నవ్వకండి. మళ్లీ ఆడితే సరి.

తప్పు నొక్కేస్తే

నొక్కుతారు. పెద్దవాళ్లం మనమే నొక్కుతున్నాం. అందుకని 'నొక్కేశాను' అన్న మాటను కూడా ఒక జాగ్రత్త మాటగా నేర్పాలి, దానికి ఇంట్లో తిట్టు, దెబ్బ ఉండవని ముందే మాటివ్వాలి. వచ్చి చెప్పినందుకు ఫోను లాక్కోవడం కూడా శిక్షే. అలా చేస్తే రెండోసారి చెప్పరు.

త్వరగా చెప్పడానికి డబ్బు విలువ కూడా ఉంది. 2017 జులైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం, ఖాతాదారు వైపు పొరపాటు వల్ల డబ్బు పోతే బ్యాంకుకు చెప్పేవరకు పోయింది ఖాతాదారు మీద పడుతుంది, చెప్పాక పోయేది బ్యాంకు భరించాలి. అంటే ప్రతి నిమిషమూ లెక్కే. ముందు 1930కి ఫోను చేయండి, సైబర్ మోసాలకు దేశమంతటికీ అదే నంబరు. బ్యాంకుకూ చెప్పి ఖాతా ఆపించండి. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు రాయండి. డబ్బు పోకపోయినా అనుమానం ఫోన్లను సంచార్ సాథీ పోర్టల్‌లోని చక్షు విభాగంలో తెలపవచ్చు.

పిల్లను ఎవరైనా ఫొటోల కోసం వేధిస్తే 1098 చైల్డ్‌లైన్, ప్రమాదం ముంచుకొచ్చిందనిపిస్తే 112. అవతలివాడి నంబరు, మెసేజ్‌లు చెరపకండి. పిల్లల నగ్న ఫొటోలు మాత్రం 'చూడండి ఏం చేశాడో' అని చుట్టాల గ్రూపులోకి పంపవద్దు. అది పిల్లకు రెండోసారి హాని, చట్టప్రకారం నేరం కూడా. నేరుగా పోలీసులకే చూపించాలి.

ఈ నంబర్లు పిల్లలకు బట్టీ పట్టించాలా? ఏడేళ్లు దాటితే 1098, 112 పట్టించవచ్చు. 1930 పెద్దవాళ్ల పని.

వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

పరీక్ష పెట్టి అర్థాలు అడగకండి. అన్నం తింటుండగా సంగతిలా అడగండి. 'ఆటలో నీకు వెయ్యి నాణేలు ఇస్తానన్నాడు, అమ్మ ఫోను నంబరు చెప్పమన్నాడు, ఏం చేస్తావ్?' 'మీ క్లాసు పిల్ల పాస్‌వర్డ్ నీకు తెలిసిపోయింది, ఏం చేస్తావ్?' రెండోది వింతగా ఉంటుంది గానీ అడగాలి, జాగ్రత్త అంటే మనం మోసపోకపోవడం ఒకటే కాదు, ఇంకొకరి గుట్టు ముట్టుకోకపోవడం కూడా. జవాబు వెంటనే వస్తే ఆ మాట నేర్చేసుకున్నట్టే. 'ఊఁ...' అని ఆలోచిస్తే వచ్చే వారం ఆటలో అదే పెట్టండి. రెండు మూడు నెలలకోసారి పాత మాటలు తిరగేయాలి, ఎందుకంటే వేసవి సెలవుల్లో సగం పోతాయి.

ఇంకా మంచి పరీక్ష, పిల్ల చేత అమ్మమ్మకు నేర్పించడం. నేర్పేటప్పుడు ఏ మాట దగ్గర తడబడిందో అదే సరిగ్గా రాలేదన్నమాట. అమ్మమ్మకూ ఒక పాఠం అయిపోతుంది.

సెలవుల సంగతి ఒకటి మిగిలింది. దసరాకో, బరంపురం ఠాకురాణి జాతరకో అందరూ ఒక ఇంట్లో చేరతారు. మీ ఫోనులో వేసిన తలుపులేవీ పెదనాన్న కొడుకు ఫోనులో ఉండవు. పిల్లలంతా ఒక మూల చేరి అదే చూస్తారు. వద్దని ఆపలేం, ఆపితే చాటుగా చూస్తారు. బయల్దేరే ముందు రోజు దొంగ ఫోను ఆట ఒకసారి ఆడించండి. అక్కడికెళ్లాక ఆ పెద్ద పిల్లవాణ్ని పిలిచి, 'చిన్నవాళ్లకు నువ్వే మాస్టరువి' అని ఆటలో ఫోను చేసే పని వాడికే అప్పగించండి.